జల్లెడ చాటున

"దేవుడి మీద నమ్మకం: లేదు."

మామగారు ఆ ముక్క రెండోసారి చదివారు. మొదటిసారి అచ్చుతప్పేమో అన్నట్టు గబగబా చదివేశారు. రెండోసారి తూచి చదివారు.

కోడలి చేతిలో టీ ట్రే ఉంది. ట్రేలో నాలుగు కప్పులున్నాయి. నాలుగూ ఒకదానితో ఒకటి గుసగుసలు మొదలుపెట్టాయి.

"ఆ చప్పుడేంటమ్మాయ్?"

"ఏం లేదు మామయ్యా. ట్రే తడిగా ఉంది, జారుతోంది."

"కింద పెట్టి కూర్చో. ఇది అందరూ వినాల్సిందే."

ఆమె ట్రే బల్ల మీద పెట్టింది. కూర్చుంది. రెండు చేతుల్నీ ఒళ్ళోకి లాక్కుని, తుడుచుకునే గుడ్డ కింద దాచుకుంది.

మామగారు ముప్ఫై రెండేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో తూకపురాళ్ళకి ముద్రలు వేసి వేసి, రిటైరయ్యాక ఆ ముద్రలు మనుషులకి వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రార్థన మందిరానికి ఆయనే పెద్ద. మాట తూచి మాట్లాడటం మనబోటి వాళ్ళకి మర్యాద, ఆయనకి అది సర్వీసు.

మందిరం గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. జనం తమ కోరికలు చీటీల మీద రాసి, సంతకం లేకుండా అందులో వేస్తారు. శుక్రవారం ఆ పెట్టె ఇంటికొస్తుంది. శనివారం సాయంత్రం మామగారు చీటీలన్నీ బల్ల మీద పేర్చుకుంటారు. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి రెండు వందల మంది ముందు వరసగా చదువుతారు. ఒక్కటి కూడా వదలరు. ఒక్క చీటీ తగ్గినా తూకంలో మోసమేనని ఆయన లెక్క.

ఈ శనివారం మొదటి చీటీలో మోకాలి నొప్పి ఉంది. రెండోదాంట్లో ఎవరి కొడుకుదో పరీక్ష. మూడోదాంట్లో పక్కింటి కుక్క అరుపు ఆగాలని కోరిక. నాలుగోది మాత్రం చీటీ కాదు. ఫోన్ తెర మీద కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు ప్రింటు తీసిన కాగితం.

"పేరు సన్నచూపు అట," అన్నారు మామగారు. "మారుపేరు అయ్యుంటుంది. వయసు ముప్ఫై మూడు. భర్త లేడు. ఒక పాప ఉంది. 'ఇష్టపడితే పాపతో సహా ఇష్టపడాలి' అని రాసింది. ఇదేం యాప్‌రా?"

ప్రశ్న మరిదికి. లిఫ్టు మెకానిక్కు అతను. ఊరందరినీ పైకి చేర్చే మనిషి, తండ్రి ముందు మాత్రం ఎప్పుడూ గ్రౌండ్ ఫ్లోరే. మందిరంలో పాట ఎత్తుకునేది కూడా అతనే. ఎత్తడం వృత్తి, ఎత్తుకోవడం భక్తి అని ఊళ్ళో అతని మీద ఒక జోకు.

"జంటలు కుదిర్చే యాప్ నాన్నా," అన్నాడు మరిది. కాగితం వైపు మాత్రం చూడలేదు.

"జంటలు కుదరడానికి దేవుణ్ణి తీసెయ్యడం దేనికి?"

"ప్రశ్నలు ఉంటాయి. జవాబులు కలిసినవాళ్ళనే చూపిస్తుంది. వడపోత అన్నమాట."

"వడపోతలో మిగిలేది పిప్పేరా," అని మామగారు మళ్ళీ కాగితం ఎత్తారు.

కోడలు కప్పుల వైపు చూసింది. ఎదురుగా నాలుగు కప్పుల టీ పొగలు కక్కుతోంది. ఒక్క గుక్క తాగుదామంటే చెయ్యి బయటికి తీయాలి.

నాలుగు నెలల కింద, షాపులో మధ్యాహ్నం తలుపు వేసి ఉన్న గంటలో, ఆమె ఆ ప్రశ్నలన్నిటికీ జవాబులు పెట్టింది. ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానబట్టే మనిషి. ఊరందరికీ జోళ్ళు అమర్చే మనిషికి ఒక జోడు కావాలనిపించడం నేరమా అని ఆ రోజు తనని తాను ప్రశ్నించుకుంది. భర్త పోయి మూడేళ్ళు. అతను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మందిరం మొత్తం నలభై రోజులు ప్రార్థించింది. నలభై ఒకటో రోజు ఉదయం నుంచి ఆమె ప్రార్థనలో కళ్ళు మూసుకుంటుంది తప్ప లోపల ఏమీ అనుకోదు.

పదిహేడు ప్రశ్నల్లో మొదటిది దేవుడి గురించి. దాని పక్కన ఒక గడి ఉంది, 'ఈ జవాబు కలిసి తీరాలి' అని. ఆమె ఆ గడిలో టిక్కు పెట్టింది. దేవుడి మీద పంతంతో కాదు. తెలివిగా. 'లేదు' అన్నవాళ్ళకి మాత్రమే తను కనబడుతుంది. మందిరంలో 'లేదు' అనేవాళ్ళు ఎవరున్నారు? కాబట్టి మందిరం మనిషి ఎవడూ తనని చూడలేడు. అడ్డంగా జల్లెడ పెట్టుకుని, దాని వెనక హాయిగా కూర్చున్నాననుకుంది. జల్లెడంటేనే చిల్లులని, వాటిలోంచి ఇటు చూసే కన్ను అటు కూడా కనిపిస్తుందని, కళ్ళ వ్యాపారంలో ఉండి కూడా ఆలోచించలేదు.

"ఆదివారం ఎలా గడుపుతారు అని అడిగితే," మామగారు చదువుతున్నారు, "'వీలైతే నిద్రలో' అట. చచ్చిపోయాక ఏమవుతుంది అంటే, 'బతికినవాళ్ళకి పని పెరుగుతుంది' అట."

అత్తగారు ముక్కు ఎగబీల్చారు. అది నవ్వో, దగ్గో కోడలికి తెలియలేదు.

"పిల్లలకి మొదట నేర్పాల్సింది ఏమిటి? 'ప్రశ్న.'" మామగారు కాగితం దించారు. "వినండి. ఒక పాపకి ఇలాంటి తల్లి."

లోపలి గదిలో గువ్వ రంగు పెన్సిళ్ళు నేల మీద దొర్లిస్తూ ఏదో పాట పాడుతోంది. ఏడేళ్ళు. అసలు పేరు వేరే, కానీ పుట్టినప్పుడు వాళ్ళ నాన్న గుప్పిట్లో పట్టేంత ఉండేదని గువ్వ అయిపోయింది.

"రేపు చదువుతాను," అన్నారు మామగారు. "మన మందిరం మనిషే అయితే ముఖంలో తెలిసిపోతుంది."

"వద్దు నాన్నా."

ఆ మాట అన్నది మరిది. ఇంట్లో అందరూ అతని వైపు తిరిగారు. గ్రౌండ్ ఫ్లోరు దాటి మీట నొక్కాడు మరి.

"ఏం వద్దు?"

"ఎవరో ఏంటో తెలీదు. ఊళ్ళో ఎవరైనా అవ్వొచ్చు. ఎవరో కావాలని వేశారు. అలాంటిది సభలో చదివితే ఒకళ్ళ బతుకు..."

"పెట్టెలో పడ్డది చదవాలి."

"పెట్టెలో చెత్త పడితే?"

"చెత్త అని చదువుతాను. చదవకుండా మాత్రం ఉండను. నాకు నచ్చినవి చదివి, నచ్చనివి చింపేస్తే, ఇన్నాళ్ళూ త్రాసు దగ్గర నిలబడ్డ మనిషిని నేనెందుకయ్యాను?"

"త్రాసు కాదు నాన్నా అది. మనిషి."

"గొంతు తగ్గించు."

"నేను పెంచలేదు."

"పెంచావు. పాటలో తప్ప నీ గొంతు ఇంత పైకి లేవడం నేను వినలేదు." మామగారు కాగితం దీపం వెలుగులోకి తిప్పారు. "ఆగాగు. ఇక్కడ రెండు వరసలున్నాయి. ఎడమ పక్క 'ఆమె' అని ఉంది. కుడి పక్క 'మీరు'. ఈ 'మీరు' ఎవరు?"

"చూస్తున్నవాళ్ళు. ఫోన్ ఎవరిదైతే వాళ్ళ జవాబులు అటుపక్క వస్తాయి," అన్నాడు మరిది.

"నీకెలా తెలుసు?"

మరిది బల్ల మీది చీటీలు సర్దడం మొదలుపెట్టాడు.

"అంటే ఇద్దరన్నమాట," అన్నారు మామగారు నెమ్మదిగా. "రాసుకున్నది ఒకతె. చూసినవాడు ఒకడు. వాడి వరసలోనూ మొదటి జవాబు 'లేదు' అనే ఉంది. పదిహేడింట్లో పదహారు కలిశాయి. పైన తొంభై నాలుగు శాతం అని వేశాడు. కలవనిది ఒక్కటే. భయమేస్తే ఏం చేస్తారు? ఆమె, 'కదలను.' వీడు, 'వాగేస్తాను.'"

తొంభై నాలుగు.

కోడలికి ఆ అంకె తెలుసు. రెండు నెలలుగా ఆమె ఒకే ఒక మనిషితో మాటలు రాసుకుంటూ వచ్చింది. అతని పేరు తెలీదు. ముఖం తెలీదు. మనసులో అతన్ని తొంభై నాలుగు అనే పిలుచుకుంటుంది. పది రోజుల కింద ఆ ఖాతా ఉన్నట్టుండి మాయమైపోయింది. అంతకుముందు రోజే పాప గురించి మొదటిసారి వివరంగా రాసింది. అందుకే పారిపోయాడనుకుని మూడు రోజులు అద్దాలు తప్పుగా కోసింది.

"ఏవండీ," అన్నారు అత్తగారు. ఆవిడ నోరు విప్పడమే అరుదు. "పెట్టెలో ఎవరూ కావాలని వేయలేదు. వేసింది నేనే."

"నువ్వా?"

"నిన్న ఉతకడానికి బట్టలు తీస్తుంటే జేబులో మడతపెట్టి కనబడింది. దారిలో ఎవరో మన చేతికిచ్చిన చీటీ, వేయడం మర్చిపోయారనుకున్నా. ఎప్పుడూ అలాగే వేసేస్తాగా. విప్పి చూద్దామంటే నా కళ్ళజోడు విరిగిపోయి వారమైంది. సోమవారం ఇస్తానని ఈ అమ్మాయే చెప్పింది."

అత్తగారి కళ్ళజోడు షాపులో కోడలి బల్ల మీదే ఉంది. చేతినిండా పని ఉండి వెనక్కి జరిపింది. ఒక్క రోజు ముందు ఇచ్చి ఉంటే ఆ కాగితం ఆవిడ కళ్ళ ముందే ఆగిపోయేది.

"ఎవరి జేబులో?" అన్నారు మామగారు.

అత్తగారు బల్ల మీద గీతలని వేలితో సాపు చేశారు. "గుర్తులేదు."

"బట్టలు నావీ, వీడివీ. ఇంకెవరివి?"

"గుర్తులేదన్నాను కదా."

"నా జేబే," అన్నాడు మరిది.

మామగారు అరవలేదు. అరిస్తే బాగుండేది. అరుపుకి ఒక కొస ఉంటుంది. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎప్పట్నుంచి?"

"తెలీదు నాన్నా. అన్నయ్య పోయినప్పట్నుంచి అనుకుంటా."

"పాటలు పాడుతున్నావుగా."

"పాట ఇష్టం."

"ఈ కాగితం?"

"వచ్చే ఒకటో తారీఖు నుంచి అందరి ఫోన్లూ చూస్తానన్నారు కదా. భయమేసి ఖాతా తీసేశాను. ఇదొక్కటి ఉంచుకుందామని ఆఫీసులో ప్రింటు తీశా. ఫోన్‌లో అయితే దొరుకుతాను, కాగితమైతే దొరకననుకున్నా."

"ఆమె ఎవరు?"

"నిజంగా తెలీదు. ఆ కాగితం మీది ఫోటోలో ఉన్నంతే. కిటికీ వెలుగు, ఒక గాజుబిళ్ళ, దాన్ని పట్టుకున్న నాలుగు వేళ్ళు."

ఆ వేళ్ళు గుడ్డ కింద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. అద్దాలు మెరుగుపెట్టే ఎర్రపొడి గోళ్ళ అంచుల్లో ఎంత కడిగినా పోదు.

ఆమెకి రెండు నెలల మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. 'మా ఇంట్లో ఒక పాటల మనిషి ఉన్నాడు, గొంతు బాగుంటుంది, ఆ భక్తి చూస్తే జాలేస్తుంది' అని తను రాసింది. తొంభై నాలుగు పగలబడి నవ్వినట్టు గుర్తు పంపి, 'మా ఇంట్లో ఒకావిడ ఉంది, ప్రార్థనలో కళ్ళు ఎంత గట్టిగా మూసుకుంటుందంటే చూస్తే నాకే భయం' అని తిరిగి రాశాడు. ఆవిడ ఎవరో పాపం అనుకుంది తను. మూడేళ్ళుగా ఒకే బల్ల దగ్గర, ఒకళ్ళ భక్తికి ఒకళ్ళు భయపడుతూ భోంచేశారు.

"నీ సంగతి సరే," అన్నారు మామగారు. "మూడు నెలలు వెనక వరసలో కూర్చుంటావు. పాట వేరేవాళ్ళు ఎత్తుకుంటారు. తప్పు నీదొక్కడిదే, నీతోనే పోతుంది. ఆవిడది అలా కాదు. ఆవిడకి పాప ఉంది."

"ఉంటే?"

"బేకరీ ఆవిడ విషయంలో ఏం చేశామో అదే."

 పోయినేడు బేకరీ ఆవిడ షాపులో నలుగురి ముందు 'నేను ప్రార్థన మానేశాను' అంది. ఇప్పుడు ఆమె కొడుకు తాతగారింట్లో పెరుగుతున్నాడు. ఆదివారాలు ఆమె మందిరానికి ఎదురుగా అవతలి కాలిబాట మీద నిలబడుతుంది. వాడు లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి చూస్తుంది, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి చూస్తుంది. ఆ తీర్మానం మామగారి దస్తూరీలో ఉంది. కింద సాక్షి సంతకాల్లో కోడలిది మూడోది. సంతకం పెట్టనంటే ఎందుకని అడుగుతారని పెట్టింది.

నమ్మను అంటే అమ్మను కాకుండా పోతాను. ఇంతే లెక్క. ఇల్లు మామగారిది. బడి మందిరానిది. షాపు యజమాని మందిరంలో ముందు వరస.

"టీ చల్లారిపోయింది," అంది కోడలు. తన గొంతు తనకే పక్కింట్లోంచి వచ్చినట్టుంది. "వేడిచేసి తెస్తాను."

ట్రేతో పాటు గుడ్డ కూడా పట్టుకుని వంటింట్లోకి నడిచింది. పొయ్యి వెలిగించింది. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది.

"వదినా," మరిది గుమ్మం దగ్గరికి వచ్చాడు. "నీళ్ళు."

గ్లాసు అందించబోయి ఆగిపోయింది. అతను చూశాడు. గ్లాసుని కాదు, గ్లాసు చుట్టూ ఉన్న వేళ్ళని. రోజూ గ్లాసు అందించే వేళ్ళే. రెండు నెలలు ఫోటోలో చూసి, బొమ్మలో తెలిసిన వేళ్ళని మనిషికి ఉంటే ఇవాళ్టిదాకా గుర్తుపట్టలేకపోయాడు.

"నువ్వా?"

"గట్టిగా అనకు."

"వదినా, నువ్వేనా? అవన్నీ... ఆ రాసినవన్నీ నీకా?"

"మీరు..." అని ఆగింది. అక్కడ మీరు అని రాయడం అలవాటు. ఇక్కడ చిన్నప్పట్నుంచి చూస్తున్న పిల్లాడు. "నువ్వు అది ఎందుకు ప్రింటు తీశావు? ఎందుకు? చదువుకుని చింపేస్తే చచ్చేవాడివా?"

"నాకు తెలీదు, నీదని తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేసేవాడివి?"

అతను గ్లాసు తీసుకున్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. "మొదటి రోజే పారిపోయేవాణ్ణి."

"నేనూ అంతే. ఆ సంగతి తర్వాత ఏడుద్దాం. రేపు తొమ్మిదింటికి ఆయన చదువుతారు. ముప్ఫై మూడేళ్ళు, భర్త లేడు, ఒక పాప. మందిరంలో ఎంతమంది ఉన్నారు అలాంటివాళ్ళు? లెక్కపెట్టు."

"ఒక్కతే," అన్నాడతను.

"ఆయనకి ఇంకా తట్టలేదు. ఇంట్లో మనిషి కాబట్టి తట్టలేదు. తట్టేలోపు గువ్వని తీసుకుని వెళ్ళిపోవాలి."

"ఎక్కడికి?"

"ఎక్కడికో! ముందు ఈ గుమ్మం దాటాలి. నీ బండి తాళాలేవి?"

"నా గదిలో. తెస్తాను. నేను నాన్నతో గొడవ పెట్టుకుంటా, నువ్వు పాపని పెరటి వైపు నుంచి..."

"గొడవొద్దు. నువ్వు నోరు తెరిస్తే అన్నీ బయటికొస్తాయి."

"అమ్మాయ్!" హాల్లోంచి మామగారి పిలుపు. "నాకు చేసిచ్చావే, ఆ భూతద్దం. అది తీసుకురా."

మరిది ముఖంలో రంగు దిగిపోయింది, పై అంతస్తు నుంచి తాడు తెగిన లిఫ్టులా.

చిన్న అక్షరాలు చదవడానికి ఆమె స్వయంగా సానబట్టి ఇచ్చిన అద్దం అది. ఆరింతలు పెద్దగా చూపిస్తుంది. ఎక్కడా గీత లేదు, మచ్చ లేదు. అంత బాగా చేసినందుకు ఆమె మొదటిసారి తన చేతుల్ని తిట్టుకుంది.

"కనబడలేదని చెప్పు," అన్నాడు మరిది గొణుగుతూ.

"ఆయన సొరుగులోనే ఉంది. ఆయనే తీసుకుంటారు."

తెచ్చి ఇచ్చింది. గుడ్డలో పెట్టి ఇచ్చింది. ఆయన గుడ్డ పక్కన పెట్టి, అద్దం కాగితం మీదకి దించారు. ముందు అక్షరాల మీద. తర్వాత ఫోటో మీద. అక్కడ ఆగిపోయారు.

పొయ్యి మీద టీ పొంగి మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"గోరు అంచున ఏదో ఎర్రగా ఉంది," అన్నారు మామగారు. తనలో తను అనుకున్నట్టుగా. "బొటనవేలి పక్కన చిన్న గాటు మచ్చ కూడా ఉంది."

"ప్రింటు మచ్చ అయ్యుంటుంది నాన్నా," అన్నాడు మరిది.

"నువ్వు మాట్లాడకు." ఆయన తల ఎత్తలేదు. "అమ్మాయ్, నీ చేతులు ఒకసారి బల్ల మీద పెట్టు."

ఆమె కదల్లేదు.

"పెట్టమ్మా. నేనేం కొడతానా?"

పారిపోవడానికి గుమ్మం నాలుగడుగులే. కానీ గువ్వ లోపలి గదిలో ఉంది. ఆ గదికి వెళ్ళాలంటే ఆయన కుర్చీ దాటాలి. ఆమె ఒక చెయ్యి పెట్టింది. తర్వాత రెండోది. దీపం కింద ఎర్రపొడి గోళ్ళ చుట్టూ సన్నటి అంచులా మెరిసింది. ఆయన భూతద్దం జరిపారు. ఒక వేలు. ఇంకో వేలు. ముప్ఫై రెండేళ్ళు దొంగ తూకాలు పట్టిన ఓపిక అది, తొందరపడదు.

అద్దం బొటనవేలి దగ్గర ఆగింది.

ఆయన తల ఎత్తారు. కోపం లేదు ఆ ముఖంలో. నలభై ఒకటో రోజు ఉదయం కొడుకు మంచం పక్కన కూర్చున్నప్పుడు ఉన్న ముఖం అది. ఆ ముఖాన్ని చూసి ఆమెకి ఇంకా భయమేసింది.

"మూడేళ్ళు నా పక్కనే నిలబడి కళ్ళు మూసుకున్నావు," అన్నారు.

"మామయ్యా, నన్నేమైనా అనండి. వెనక వరసలో కాదు, బయట నిలబడమన్నా నిలబడతాను. గువ్వ జోలికి మాత్రం..."

"అది నా కొడుకు బిడ్డ."

"నా బిడ్డ కూడా."

"అందుకే కదా ఈ బాధంతా." ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచారు. "ఏమే, పాపని ఇటు తీసుకురా. ఇవాళ్టి నుంచి అది మన గదిలో పడుకుంటుంది. మిగతాది రేపు పదిమందిలో."

మరిది అడ్డంగా నిలబడ్డాడు. "నాన్నా, వద్దు."

"జరుగు."

"జరగను."

తండ్రీ కొడుకులు ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళకి తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. వాళ్ళ పక్కనుంచి అత్తగారు లేచి వెళ్ళారు. కళ్ళజోడు లేదు కాబట్టి గోడని తడుముకుంటూ వెళ్ళారు. భర్త వైపు చూడలేదు, కోడలి వైపు చూడలేదు. లోపలి గదిలోకి అడుగుపెట్టి తలుపు చేరవేశారు.

"నాయనమ్మా, ఇది చూడు, ఏనుగు!" అంది గువ్వ లోపల.

అత్తగారు ఏదో అన్నారు. తక్కువ గొంతు, బయటికి వినబడలేదు. పాట ఆగిపోయింది.

తర్వాత లోపలి వైపు నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది.

"ఏమే?" అన్నారు మామగారు.

మామగారు మరిది భుజం మీదుగా తలుపు వైపు చూశారు.

"తలుపు తియ్యి. పాపని తీసుకురమ్మన్నాను."

కోడలు బల్ల మీద చేతులు అలాగే ఉంచి, ఆ తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆవిడ గడియ వేసింది ఎవరికి అడ్డంగా? ఆయనకా, తనకా?